దృశ్యధారణమున నవధానము

"అవధానము" అను పదమును మన మాంధ్రులము రెండర్థములయందు వాడుచున్నాము. గురువు శిష్యుని "సావధానముగా వినుము" అన్నప్పుడు అది మనస్సు నొకచో నిలుపుట. "నేడు సభలో శతావధానము జరుగును" అన్నప్పుడు అది యొక విద్య. ఈ రెండవదానిని చూచి వచ్చినవారు మెచ్చుకొనునది మాత్రము ధారణను. "ఏమి ధారణ!" అందురే కాని "ఏమి యవధానము!" అనరు. పేరు అవధానమునకు, మెప్పు ధారణకు. ఈ రెండు నొకటేయా, లేక ఒకదానికొకటి సాధనమా యను ప్రశ్న పండితులకు ఎప్పుడో యొకప్పుడు తోచియే యుండును. ధాతువును బట్టి చూచినచో తగవు తీరదు. పాణినీయ ధాతుపాఠము ధాఞ్ ధాతువునకు ధారణమును పోషణమును అర్థములుగా చెప్పినది. అవధానము, ప్రణిధానము, సమాధానము, వ్యవధానము అన్నియు నా ధాతువునకు పుట్టినవే. (ప్రణిధానమునందలి ణత్వము, ధాఞ్ ధాతువునకు ఘుసంజ్ఞ యుండుటచే వచ్చినది.) "ధారణ" మాత్రము ధృఞ్ ధాతువునుండి వచ్చినది. వ్యుత్పత్తి వేఱు, అర్థము సన్నిహితము. కావున వ్యాకరణము ప్రశ్నను పుట్టించినదే కాని ప్రత్యుత్తరము నీయలేదు.

ఆ ప్రత్యుత్తరమును వెదకుటకు సభను విడిచి లేఖకునియొద్దకు పోవుట మేలు. తాళపత్రమును ముందుంచుకొని ప్రతి వ్రాయువాడు మూలమును చూచును, కన్ను మరల్చును, వ్రాయును, మరల చూచును. చూపునకును గంటమునకును నడుమ కొన్ని క్షణములు ఆ యక్షరములు కంటి యెదుట లేవు. అయినను అతడు వ్రాయుచునే యున్నాడు. ఆ నడిమి కాలమున వానిని నిలిపినది యేది? మన గ్రంథములందలి పాఠభేదము లెన్నియో ఈ కొన్ని క్షణములలోనే పుట్టినవి. ఒకే పదము రెండు పంక్తులలో నున్నప్పుడు నడిమి భాగము జాఱిపోవుట, పకారము వకారమగుట, ఒక యక్షరపు గుణింతపు గుర్తు పొరుగక్షరమునకు తగులుట మనమందఱము ఎఱిగినవే. వీని నన్నిటిని "లేఖకుని యజ్ఞాన" మని త్రోసివేయుట పరిష్కర్తలలో నొక యలవాటు. అది న్యాయమగునో కాదో తేల్చుటకైనను ఈ విచారము అవసరము.

కార్యము నడచుచుండగా దానికై కొలది క్షణములు మనస్సున నిలుపుకొను స్మృతికి పాశ్చాత్య మనశ్శాస్త్రజ్ఞులు 'వర్కింగు మెమరీ' యని పేరిడిరి. 1974లో బాడ్లీ, హిచ్ అను ఇంగ్లండు పండితులు దీనిని గూర్చి యొక సిద్ధాంతమును వెలువరించిరి. దాని ప్రకారము పలుకును నిలుపు భాగము వేఱు, రూపమును నిలుపు భాగము వేఱు, ఈ రెండింటిని నడపునది అవధానప్రాయమైన మఱియొకటి. నేను దీనిని కార్యస్మృతి యందును. కార్యముకొఱకైన స్మృతి యని వివక్ష. ప్రకృతివికృతిభావము లేనిచోట చతుర్థీసమాసము కుదరదు కావున, అశ్వఘాసమువలె దీనిని షష్ఠీసమాసముగా గ్రహింపవలయును. బాల్యమున నేర్చిన శ్లోకము వార్ధకమున జ్ఞప్తికి వచ్చుట చిరకాలస్మృతి పని, దానితో మనకిపుడు ప్రసక్తి లేదు. కంటితో చూచిన రూపము కార్యస్మృతియందు నిలుచుటయే ప్రస్తుతము. ఇక ప్రశ్నను మన పరిభాషలో నిట్లు పెట్టుకొందము. "రూపమును ధరించును" అను క్రియయందు అవధానము ఏ కారకము? రూపములకు నివాసమై అధికరణమా? నిలుపుటకు సాధకతమమై కరణమా? కాక, ద్వారమున నిలిచి కొన్నింటిని లోనికి పంపి, ఆపైన లోపలి పనితో సంబంధము లేని తటస్థమా?

చూచినదంతయు నిలువదు. కొఱవిని గిరగిర త్రిప్పినచో నిప్పుచక్రము కనబడును. క్రమముగా కలుగు జ్ఞానములు శీఘ్రతవలన నొక్కమాఱే కలిగినట్లు తోచునని చెప్పుటకు న్యాయసూత్రకారుడు ఈ యలాతచక్రమునే దృష్టాంతము చేసెను. 1765లో ఫ్రాన్సుదేశమున డార్సీ యనునతడు మండుచున్న బొగ్గును చక్రమునకు కట్టి త్రిప్పి, ఆ వెలుగు కంట నిలుచు కాలము సెకండులో సుమారు ఎనిమిదవ పాలని లెక్కకట్టెను. ఇది కంటి పని. దీనికిని కార్యస్మృతికిని గల సంబంధమును తేటపఱచినది అమెరికా దేశమున స్పెర్లింగు 1960లో ప్రకటించిన పరీక్ష. వరుసకు నాలుగు చొప్పున మూడు వరుసలుగా 12 అక్షరములను సెకండులో ఇరువదవ పాలు మాత్రము చూపి, "చూచినవి చెప్పు" డనగా, జనులు నాలుగింటికి మించి చెప్పజాలరైరి. తక్కినవి కూడ చూచితిమి కాని చెప్పులోపల మాసిపోయిన వని మాత్రము వారనిరి. స్పెర్లింగు వారి మాటను నమ్మి యొక యుపాయము పన్నెను. అక్షరములు మాయమైన వెంటనే ఒక స్వరము వినిపించును. స్వరము హెచ్చైనచో పై వరుసను, మధ్యమమైనచో నడిమి వరుసను, తగ్గైనచో క్రింది వరుసను చెప్పవలయును. అప్పుడు ఏ వరుస నడిగినను నాలుగింట సుమారు మూడు చెప్పగలిగిరి. ఏ వరుస నడుగుదురో వారికి ముందు తెలియదు కదా! కావున ఆ క్షణమున మనస్సునందు తొమ్మిది యక్షరములైన నుండవలయును. స్వరమును ఒక సెకండు ఆలసించి వినిపించినచో ఈ లాభమంతయు పోయినది. అనగా, కంటిలోని ముద్ర విశాలమైనది కాని క్షణికము. అది మాయక మునుపే అవధానము దేనిపై ప్రసరించునో అది కార్యస్మృతియందు చేరును. తక్కినది చూచియు చూడనట్లే యగును. ద్వారపాలకపక్షమున కిది మంచి సాక్ష్యము.

లోనికి చేరినవానికైనను తావు స్వల్పము. 1871లో జెవన్సను ఆంగ్లేయ పండితుడు నల్లని గింజలను పెట్టెలోనికి విసరి, చూచిన తోడనే లెక్క చెప్పుచు, వేయింటికి పైగా పర్యాయములు తన్ను తానే పరీక్షించుకొనెను. మూడింటను నాలుగింటను ఒక్కమాఱును తప్పలేదు. అయిదింటినుండి తప్పులు మొదలైనవి. అది చూచుటలోని హద్దు. నిలుపుటలోని హద్దును లక్, వోగెల్ అను అమెరికావారు 1997లో కొలిచిరి. రంగురంగుల చతురస్రములను సెకండులో పదవ పాలు చూపి, సుమారొక సెకండు తెర శూన్యముగా నుంచి, మరల చూపుదురు. ఒకదాని రంగు మాఱినదా లేదా యని అడుగుదురు. రంగుల పేర్లను లోలోపల జపించుటచే పని గడువకుండ, పలుకుటకు రెండు అంకెలను కూడ ఇచ్చిరి. మూడు చతురస్రములవఱకు ఉత్తరము లించుమించుగా నిర్దుష్టములు. నాలుగింటినుండి పన్నెండువఱకు తప్పులు క్రమముగా పెరిగినవి. ఇట్టి పరీక్షల ననేకములను సమీక్షించి కోవను 2001లో నాలుగను సంఖ్యను కార్యస్మృతికి హద్దుగా నిలిపెను. ఈ సంఖ్య నాలుగు గదులవంటిదా, లేక పంచుకొన్నకొలది పలుచనయగు నొక ద్రవమువంటిదా యను వివాదము 2008 మొదలు మిక్కిలి పెరిగినది. మన ప్రశ్నకు దానితో పని లేదు. గదులైనను ద్రవమైనను, ఎవరికెంత యని పంచునది యవధానమేయని ఉభయపక్షములవారును ఒప్పుకొందురు.

ఇంతకంటె మనకు రుచించు నంశము వేఱొకటి కలదు. ఎఱ్ఱని నిలువుగీత యనగా విశేష్యము గీత, విశేషణములు ఎఱుపును నిలువును. నిలుచునది ద్రవ్యమా, గుణములు విడివిడిగానా? ద్రవ్యమునే లెక్క యనియు, గుణములు దానితో నుచితముగా వచ్చుననియు లక్, వోగెల్ చెప్పిరి. 2002లో వీలర్, ట్రీజ్మన్ అను స్త్రీలిరువురు అంత సులభము కాదని చూపిరి. రెండవమాఱు చిత్రమునంతటిని చూపి పరీక్షించినప్పుడు, ఏ రంగులుండెనో ఏ ఆకారములుండెనో జనులకు తెలియును కాని, ఏ రంగు ఏ యాకారమునదో తాఱుమాఱగుచున్నది. విశేషణములు నిలిచినవి, వైశిష్ట్యము సడలినది. ఆ ముడిని పట్టియుంచుటకు అవధానము వలయునని వారి యభిప్రాయము. గుణింతపు గుర్తు పొరుగక్షరమునకు తగులు లేఖకదోషము నాకీ సందర్భమున జ్ఞప్తికి వచ్చుచున్నది. అక్షరమును ఎఱుగనివాడు ఆ తప్పు చేయడు. అక్షరములును గుర్తులును మనస్సున నుండి, ముడి మాత్రము సడలినవాడే చేయును. అది యజ్ఞానము కాదు, అవధానభంగము.

ద్వారమునొద్దనే మఱియొక్క మాట. పాఠశాలలో "వీనికి ధారణ లేదు" అని ఉపాధ్యాయులు తఱచుగా అందురు. 2005లో వోగెలును ఆయన సహచరులును చేసిన పరీక్ష ఈ మాటపై నాకు గొప్ప సంశయమును కలిగించినది. ఎఱ్ఱని గీతలను నిలుపుకొనవలయును, నీలపు గీతలను విడువవలయును. ధారణకాలమున తలపై నుండి గ్రహించిన విద్యుత్స్పందనమును బట్టి, మనస్సున ఎన్ని రూపములున్నవో వారు అంచనా వేసిరి. ధారణ అధికముగా గలవారు ఎఱ్ఱనివానిని మాత్రమే మోయుచుండిరి. ధారణ అల్పమని యెంచబడినవారు అక్కఱలేని నీలపువానిని కూడ మోయుచుండిరి! వారి పాత్ర చిన్నదని చెప్పుటకంటె, పొల్లుతో నిండినదని చెప్పుట సరిగా నుండును. నల్లబల్లపై పద్యమును వ్రాసి, దాని ప్రక్కన నిన్నటి లెక్కను తుడువక విడిచి, బాలురు ఎత్తి వ్రాసికొనుచుండగా చేతితో ఆ మూల నీ మూల చూపుచు ప్రసంగించు ఉపాధ్యాయుడు, శిష్యుని పాత్రలో పొల్లు పోయుచున్నాడు. పిదప ధారణ లేదని బెత్తమెత్తుట యెట్టి న్యాయము?

ఇంతవఱకు చెప్పినది ద్వారమును గూర్చి. ఇక లోపలి సంగతి. అవధానము ద్వారపాలకమే యైనచో, రూపములు లోన చేరిన పిదప దానిని ఎటు త్రిప్పినను భేదముండరాదు. 2003లో గ్రిఫిన్, నోబ్రె అనువారు ఇంగ్లండులోను, లాండ్మను మొదలగువారు హాలండులోను, వేఱువేఱుగా ఒకే యుపాయముతో దీనిని పరీక్షించిరి. చిత్రమును చూపి తీసివేసి, కంటిముద్ర పూర్తిగా మాయువఱకు ఆగి, శూన్యమైన తెరపై ఒక గుర్తుతో "ఈ తావున నుండినదానిని తలచుము" అని సూచింతురు. అక్కడ నిపుడేమియు లేదు. అవధానము ప్రసరింపవలసినది వస్తువుపై కాదు, వస్తుస్మృతిపై. అయినను ఆ సూచన పొందినవారు పొందనివారికంటె బాగుగా ఉత్తరము చెప్పిరి. స్పెర్లింగు స్వరమునకు కంటిముద్ర యాధారముగా నుండెను, ఇచట ఆ యాధారమును లేదు. కావున అవధానము లోపలికి కూడ తిరుగును, లోన నున్నదానిని ఏఱి కాపాడును. తటస్థపక్షము దీనితో నిలువదు.

దీనికి విపరీతముగా, అవధానమును బలాత్కారముగా మఱలించినచో నేమగును? 1998లో అవ్, జోనైడ్సు మొదలగువారు ఒక బిందువుండిన తావును జ్ఞప్తియం దుంచుకొమ్మని చెప్పి, నడుమ వేఱొక తావున రంగును పరిశీలించు పని యిచ్చిరి. అవధానము అటు పోగా ఇటు తావు సరిగా జ్ఞప్తికి రాలేదు. మనస్సుతో ఆ తావును మరల మరల తాకుటయే దాని జపమన్నమాట. అంతకు ముందు 1968లో బ్రూక్సు చేసిన పరీక్ష మఱింత చమత్కారముగా నున్నది. ఒక పెద్ద యక్షరపు టంచును మనస్సున భావించి, దాని మూలలను వరుసగా చుట్టివచ్చుచు, ప్రతి మూలయు అక్షరపు కొననో అడుగుననో ఉన్నదా లేదా యని చెప్పవలయును. నోటితో అవును, కాదు అని చెప్పుట సులభముగా నుండెను. కాగితముపై చెదరుగా వ్రాసియున్న గుర్తులను వ్రేలితో చూపుచు చెప్పుటకు ఎంతో యెక్కువ కాలము పట్టెను. భావించినది వాక్యమైనప్పుడు ఇది తలక్రిందయ్యెను, నోటితో చెప్పుటయే కష్టమయ్యెను. మనోనేత్రమున నున్నదానిని చర్మనేత్రము చేయు పని చెఱచును, మనోవాక్కున నున్నదానిని నోరు చెఱచును.

ఇంతమాత్రమున ధారణ మనగా అవధానమే, అవధానమే రూపములకు నివాసమని కొందఱు నిశ్చయించిరి. ఆ నిశ్చయము నాకు సమ్మతము కాదు. 2013లో హాలింగ్‌వర్తు, మాక్సీ-రిచర్డు అనువారు, నిలుపుకొనవలసిన రంగులలో ఒకదానిని ముఖ్యమని సూచించి, ధారణకాలమున కష్టమైన వెదకులాట నొకదానిని చేయించిరి. చూపుటవధానమంతయు వెదకులాటపై పోయినను, ముఖ్యమని యెంచినదాని యాధిక్యము చెడలేదు. 2012లో లూయిస్-పీకాకును ఆయన సహచరులును మెదడు పనిని చూపు యంత్రముతో ఇంకొక చిత్రమును కనిరి. రెండు విషయములను నిలుపుకొమ్మని చెప్పి, మొదట ఒకదానిపై అవధానము పెట్టించినచో, రెండవదాని జాడ మెదడునందు ఏమియు లేనప్పటి స్థితికి దిగిపోయినది. తరువాత "ఇపు డా రెండవది" యనగా జాడ మరల పైకి వచ్చినది, ఉత్తరమును సరిగానే చెప్పిరి. 2016లో రోజ్ మొదలగువారు తలపై నుండి అయస్కాంతస్పందన నొకదానిని పంపి, అట్లు నిద్రించుచున్న విషయమును క్షణకాలము మేల్కొల్పిరి. ఇక పని లేదని తెలిసిన విషయము మాత్రము మేలుకొనలేదు. జాడ పూర్తిగా పోదు, మిక్కిలి క్షీణించునంతే యనువారును లేకపోలేదు. ఎట్లైనను అవధానము లేనిచోటను ధారణము కలదని తేలినది.

ఈ స్థితికి మన తార్కికులయొద్ద సిద్ధముగా నొక పేరున్నది, సంస్కారము. అనుభవము పోయిన పిదప సంస్కారము నిద్రాణముగా నుండును, ఉద్బోధకము తగిలినప్పుడు స్మృతిగా మేలుకొనును. న్యాయసూత్రములందలి స్మృతిహేతువుల పట్టిక ప్రణిధానముతోనే మొదలగుచున్నది. నేటి పరీక్షలన్నియు మన ప్రాచీనులు చేసియే యుండిరని చాటుట నా యుద్దేశము కాదు. అట్టి గర్వము మనకు మేలు చేయలేదు. వారి సంస్కారము ఆత్మగుణము, వీరు కొలుచునది మెదడు పని. కాని పదము మాత్రము చక్కగా అమరుచున్నది. మనస్సు అణువు, ఒక్కమాఱు ఒక్కదానినే తాకునను న్యాయమతమునకు కూడ నేటి వివాదములో ప్రతిధ్వని కలదు. అవధానకేంద్రమున నాలుగు విషయములు పట్టునని కోవను అనగా, ఒక్కటియే పట్టునని ఓబరావరు 2002లో వాదించెను.

ఇక కారకనిర్ణయము. వైయాకరణులకు క్రియ యొక్క ముద్ద కాదు. "వండుచున్నాడు" అనునప్పుడు కుండ పొయ్యి పైకెక్కించుట, నీరు పోయుట, బియ్యము వేయుట, మంట యెగద్రోయుట, దించుట యను నవాంతరవ్యాపారములను బుద్ధి యొక్కటిగా కూర్చి పాకక్రియ యనును. ధారణక్రియయు నట్టిదే. ఏఱుట, ముడివేయుట, నిలిపియుంచుట, అవసరమునకు పైకి తెచ్చుట దాని యవాంతరవ్యాపారములు. ఏఱుటయందును ముడియందును పైకి తెచ్చుటయందును అవధానము సాధకతమము. నిలిపియుంచుటయందు మాత్రము అది యెడతెగక యుండనక్కఱలేదు. కుండ పొయ్యిమీద నున్నంతసేపు వంటవాడు కదలక కూర్చుండడు, మంట తగ్గినప్పుడు వచ్చి కట్టె త్రోయును. అతడు బొత్తిగా రాకున్నచో మంటయారును. కావున అవధానము ధారణమునకు కరణము, అధికరణము కాదు. ధాతుపాఠమున ధాఞ్ ధాతువునకు ధారణముతో పాటు పోషణము నర్థమగుట ఇచట నాకు యాదృచ్ఛికముగా తోచుట లేదు, కాని దీనిని ప్రమాణముగా చూపను.

అవధాని పనిని కూడ ఈ దృష్టితో చూడవచ్చును. అష్టావధానమున చతురంగ మొక యంశముగా నుండుట కలదు. బలమును చూచి ఎత్తు చెప్పి, సమస్యవైపు తిరిగి, నిషిద్ధాక్షరికి పాదమల్లి, మరల బలమునొద్దకు వచ్చుట. చదరంగమును గూర్చి 1946లో డె గ్రూటను డచ్చివాడును, 1973లో ఛేసు, సైమను అను నమెరికావారును చేసిన పరిశోధనములు ప్రసిద్ధములు. నిజమైన ఆటనుండి గ్రహించిన బలమును అయిదు సెకండులు చూపినచో, నిపుణుడు సామాన్యునికంటె ఎంతో యధికముగా తిరిగి పేర్చును. పావులను ఇచ్చవచ్చినట్లు చెల్లాచెదరుగా నుంచినచో ఆ యాధిక్యము ఇంచుమించుగా మాయమగును. అతని తావులును మనకున్నన్నియే, కాని ఒక్కొక్క తావున నొక్కొక్క వ్యూహము పట్టును. ఎనిమిది యంశములును అవధాని మనస్సున నొక్కమాఱే వెలుగుచుండునని నేను తలపను. శతపత్రభేదన్యాయమున, తాకి విడిచి, మరల తాకుచున్నాడు. విడిచినది సంస్కారముగా నుండును. అతని శిక్షణమంతయు ఏది యెప్పుడు తాకవలయునో యెఱుగుటలో నున్నదని నా యూహ.

లేఖకునియందును ఇదే భేదము. ఛందమును భాషయు నెఱిగినవాడు ఒక్క చూపున పాదమునంతటిని పట్టును, ఎఱుగనివాడు రెండు మూడక్షరములను. మొదటివాని తప్పులు అర్థవంతముగా నుండును. తాను పట్టిన వ్యూహమునకు తగినట్లు వేఱొక పదమును వ్రాసి, గణభంగము లేకుండ పాఠమును మార్చును. రెండవవాని తప్పులు అక్షరరూపముల తప్పులు. పరిష్కర్తకు రెండవవాడే మేలు, వాని తప్పు బయటపడును. పకారవకారముల తాఱుమాఱు కంటినుండియు, శకారసకారముల తాఱుమాఱు లోలోపలి పలుకునుండియు వచ్చినవని విడదీసినచో, ఆ లేఖకుడు రూపమును మోసెనో ధ్వనిని మోసెనో కొంతవఱకు తెలియును. ఒక ప్రతియందలి దోషములను ఈ విధముగా వర్గీకరించి పీఠికలలో ప్రకటించు నాచారము మనలో నింకను బలపడవలసియున్నది.

శూన్యమైన తావును సూచించుటచే స్మృతి బలపడునను మాటను నమ్మనివారు చింతగింజలతో పాఠశాలయందే చూడవచ్చును. అష్టాచెమ్మకు వలె ఒకవైపు అరగదీసిన గింజల నాఱింటిని పళ్లెమున చెదరుగా పఱచి, కొన్నింటి తెలుపును కొన్నింటి నలుపును పైకి పెట్టి, ఒకటి యని లెక్కించునంత కాలము చూపి గుడ్డ కప్పవలయును. రెండు మూడు లెక్కించు కాలమైన పిదప, సగము పర్యాయములలో గుడ్డపై నొకచోట వ్రేలుంచి చూపవలయును, తక్కిన సగములో చూపరాదు. తరువాత ఆ తావుననున్న గింజ తెలుపో నలుపో అడుగవలయును. వ్రేలితో చూపిన పిదప, అడుగుటకు ముందు, మరల రెండు మూడు లెక్కించునంత యెడముండవలయును, లేనిచో రెండు విధములకును భేదముండదు. చేతితో గుడ్డ కప్పుటలో యంత్రమునకుండు కాలనియమము రాదు కావున, ఒక్కొక్క విధమున ముప్పదికి తక్కువ కాకుండ చేసి లెక్కింపవలయును. గింజలు నాలుగైనచో ప్రయోజనము లేదు. వానిని అందఱును సూచన లేకయే నిలుపుకొందురు.